కోర్టులో పాపర్ సూట్ ఉంది, నామినేషన్‌కు లేదు

తెలంగాణ నుంచి లోక్‌సభకు ఎన్నికైన 17 మంది సభ్యులకు,

నమస్కారం.

2024 మే 13న జరిగిన ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి ఇండిపెండెంటుగా నిలబడి ఓడిపోయిన వకీలును నేను. నాకు పడ్డ ఓట్లు మూడు వేలు దాటలేదు. డిపాజిట్ పోయింది. అది చట్టప్రకారమే పోయింది కాబట్టి తిరిగి ఇప్పించమని ఈ ఉత్తరం రాయడం లేదు. గెలిచి ఆ సభలో అడుగుపెడితే ముందుగా అడగాలనుకున్న మాట ఒకటుంది: డిపాజిట్ కట్టలేని బీదవాళ్లకూ నామినేషన్ వేసే దారి ఉండాలని. అడిగే అవకాశం జనం నాకు ఇవ్వలేదు, మీకు ఇచ్చారు. ఆ మాటను మీ చేతిలో పెడుతున్నాను.

అది 1996 నాటి సంగతితో మొదలవుతుంది.

అప్పటికి నేను వకాలతులోకి వచ్చి ఏడాది. సీనియర్ గారి ఫైళ్లు మోయడం, వాయిదాలు డైరీలో రాసుకోవడం, ఇదే నా పని. ఎండలు ముదురుతున్న రోజులవి. మంచినీళ్ల కోసం పోరాడే జల సాధన సమితి పిలుపు అందుకుని, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒళ్లు వంకరపోయిన ఊళ్ల జనం లోక్‌సభకు నామినేషన్లు వేయడానికి కలెక్టరేట్‌కు కదిలి వస్తున్నారు. ఫారాలు నింపేవాళ్లు చాలడం లేదని తెలిసి సీనియరే నన్ను పంపారు. చెట్టు కింద కూర్చుని పదీ పన్నెండు ఫారాలు నింపి ఉంటాను. అందులో మొదటిది ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆయన నడుము విల్లులా వంగిపోయింది. మెడ తిరగదు, పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. వయసు ఎంతని రాయమంటావని అడిగితే నలభై అన్నాడు. నేను డెబ్బై అనుకున్నాను. పెన్ను పట్టడానికి వేళ్లు మడతపడకపోతే వేలిముద్ర వేయించాను. డిపాజిట్ 500 రూపాయలు. రుమాలు ముడి విప్పి పదులు, ఇరవైలు లెక్కపెట్టాడు. "ఊరంత ఏసుకున్నం సారూ, ఇయ్యి నా ఒక్కని పైసలు గావు" అన్నాడు.

కుర్రతనం కొద్దీ, "గెలుస్తననుకుంటున్నవా అన్నా?" అని అడిగాను.

"గెలుసుడు కాదు సారూ. మా నీళ్ల సంగతి ఢిల్లీల కాయితం మీద పడాలె" అన్నాడు.

ఆ ఎన్నికలో మా స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. పోలింగ్ వాయిదా వేయక తప్పలేదు. తరవాత జరిగిన పోలింగ్‌లో బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. అదే ఏడాది కర్ణాటకలో బెళగావి లోక్‌సభ స్థానానికి 450 మందికి పైగా, తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. అక్కడా కదిలింది తమ గోడు ఎవరూ వినడం లేదనుకున్న జనమే.

ఢిల్లీలో కాగితం మీద పడింది. అయితే పడింది నీళ్ల సంగతి కాదు. ఆ ఏడాదే పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 250 నుంచి 5,000కు పెంచింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంటుకు మాత్రం పది మంది కావాలంది. నామినేషన్ల ఉపసంహరణ ముగిసిన నాటి నుంచి పోలింగ్‌కు ఉండాల్సిన కనీస వ్యవధిని 20 రోజుల నుంచి 14 రోజులకు కుదించింది. 2009లో డిపాజిట్ మళ్లీ పెరిగి 25,000 అయింది, ఎస్సీ, ఎస్టీలకు 12,500. మా జిల్లావాళ్లు నీళ్లడిగిన నాడు 500 ఉన్న రుసుము ఇప్పుడు యాభై రెట్లయింది.

అంత పొడవు బ్యాలెట్ అచ్చువేయించి, మడిచి, పెట్టెల్లో వేయించి, లెక్కపెట్టించడం ఎన్నికల సిబ్బందికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఏదో ఒక కట్టడి అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరమంతా ఆ కట్టడిని డబ్బుతో కొలవడం మీదే.

30 ఏళ్లుగా నేను చూస్తున్న కోర్టు సంగతి చెప్తాను. సివిల్ దావా వేయాలంటే కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేనివాళ్ల కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 33 ఉంది. మా కోర్టుల్లో దాన్ని పాపర్ సూట్ అంటాం. నాకు స్తోమత లేదని దరఖాస్తు పెట్టుకుంటే, ప్రభుత్వ ప్లీడరుకు నోటీసు వెళ్తుంది. ఆస్తిపాస్తులు విచారిస్తారు, నిజమని తేలితే ఫీజు లేకుండానే దావా నంబరవుతుంది. గెలిస్తే ఆ ఫీజును డిక్రీలోంచి రాబట్టుకుంటారు. అన్నదమ్ములు వాటా ఎగ్గొట్టిన ఒక ఆడబిడ్డకు నేను అట్లా దావా వేసి గెలిచాను. దావా వేసిన నాడు ఆమె దగ్గర బస్సు చార్జీలకు తప్ప పైసా లేదు. న్యాయసేవల ప్రాధికార చట్టం 1987లో వచ్చింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కార్మికులకు వాళ్ల ఆదాయంతో పని లేకుండా వకీలును పెట్టి ఇస్తుంది. డబ్బు లేదన్న కారణంతో న్యాయం గడప దగ్గర ఎవరినీ ఆపొద్దని మీ సభే ఈ చట్టం చేసింది.

అదే సభలోకి పోవడానికి నామినేషన్ వేసే చోట మాత్రం పాపర్ అన్న మాటే లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 34వ సెక్షన్ ప్రకారం డబ్బు జమచేయకపోతే నామినేషన్ చెల్లదు. బీదవాడు అప్పు ఎగ్గొట్టినవాడి మీద దావా వేయగలడు, భూమి లాక్కున్న ప్రభుత్వం మీదా వేయగలడు. ఆ చట్టం రాసే మనిషినవుతానని నిలబడాలంటే మాత్రం ముందు 25,000 బల్ల మీద పెట్టాలి.

25,000 ఈ రోజుల్లో ఒక లెక్కా అంటారేమో. 2024 ఎన్నికల నాడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఆ లెక్కన 25,000 అంటే 83 రోజుల కూలి. అప్పటి చట్టం హామీ ఇచ్చింది ఏడాదికి 100 రోజుల పని. మిగతా 17 రోజుల కూలితో ఆ ఇల్లు ఏడాదంతా తినాలి. ఎస్టీ అభ్యర్థికి సగమే కదా అనుకున్నా 40 రోజులు దాటుతుంది. దేవరకొండ దిక్కు ఒక తండా నుంచి ఉపాధి పనుల్లో మేటుగా ఉన్న ఒక చెల్లె నా దగ్గరికొచ్చి, తానూ నిలబడాలనుకుంటున్నానని, ఏమేం కావాలని అడిగింది. ఫారాలు చూపించాను, అఫిడవిట్ ఎట్లా రాయాలో చెప్పాను. డిపాజిట్ మాట రాగానే కాసేపు మాట్లాడలేదు. "పోతే రావు గదా అన్నా" అంది. రావన్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఆమెకు ఎన్ని ఓట్లు వచ్చేవో నాకు తెలియదు. ఆమె మాట వినే అవకాశం మాత్రం నియోజకవర్గంలోని 17 లక్షల పైచిలుకు ఓటర్లకు లేకుండా పోయింది.

నేను కట్టగలిగాను. కష్టమైనా కట్టగలిగాను కాబట్టే నిలబడ్డాను.

నా పోటీ గురించి కొంచెం చెప్పకపోతే, నేను అడగబోయేది గాలిమాట అనిపిస్తుంది. నామినేషన్ల గడువు ఏప్రిల్ 25. పది మంది ప్రతిపాదకులు కావాలి కదా, ఒక రిటైర్డు పంతులు, టీ కొట్టాయన, నా దగ్గర కేసులున్న నలుగురు రైతులు, ఇట్లా కూడగట్టాను. దాఖలు చేసే ముందు రాత్రి ఒకాయన ఇంటికొచ్చాడు. "మా కొడుకు కాంట్రాక్టు పనులు చేస్తున్నడు సారూ, నా పేరు తీసెయ్" అని చేతులు పట్టుకున్నాడు. తీసేశాను. వందల మందికి అఫిడవిట్లు రాసిచ్చిన నేను, నా సొంత ఫారం 26 రాసుకోవడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. మా ఇంటామె మెడలో ఉన్నదెంత, పెట్టెలో ఉన్నదెంత, బ్యాంకు అప్పెంత, ఒక్క గడి ఖాళీ వదిలినా నామినేషన్ తిరస్కరిస్తారు. ఈ కట్టుదిట్టం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఓటరుకు ఇవన్నీ తెలియాల్సిందే.

ఏప్రిల్ 29న ఉపసంహరణలు ముగిశాక నాకు కుట్టుమిషను గుర్తు ఇచ్చారు. మే 11 సాయంత్రానికి ప్రచారం బంద్. మధ్యలో నాకు మిగిలింది 12 రోజులు. దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ, ఈ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఎన్ని ఊళ్లున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక పాత కారు, ఒక మైకు, ఇద్దరు జూనియర్లు. చందంపేట దిక్కు ఒక ఊళ్లో రచ్చబండ మీద గంటసేపు మాట్లాడాను. భూసేకరణలో పరిహారం చాలదనుకుంటే కలెక్టరుకు దరఖాస్తు పెట్టి విషయాన్ని అథారిటీకి పంపమని అడిగే హక్కు ఉందని, ఆ గడువు దాటితే చేతులు కట్టేసుకున్నట్టేనని వివరిస్తుంటే జనం కదలకుండా విన్నారు. నా వృత్తిలో అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు లేరు. లేచేటప్పుడు ఒక ముసలమ్మ అడిగింది, "అంత మంచిగున్నది గని బిడ్డా, నీ గుర్తు ఏంది?" చెప్పాను. "నిన్న చెప్పినోళ్లది వేరే గుర్తు. మిషిన్ల నీది యాడుంటది?" రెండో యూనిట్ మీద కింద ఉంటుందన్నాను. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు, రిజిస్టరైన చిన్న పార్టీలవి తరవాత, ఇండిపెండెంట్లవి చివర. అదీ క్రమం. ఆమె తల ఊపింది. ఆమె ఓటు నాకు పడిందో లేదో నాకు తెలియదు.

ఖర్చు పరిమితి 95 లక్షలు. నాది మూడున్నర లక్షలు కూడా కాలేదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్కలన్నీ దాఖలు చేశాను. జూన్ 4న మా స్థానంలో గెలిచిన రఘువీర్‌రెడ్డి గారి ఆధిక్యమే 5,59,000 పైచిలుకు. ఆయన గెలుపు మీద నాకు ఏ పేచీ లేదు, ఆ సాయంత్రమే అభినందనలు పంపాను. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు మించి రావాలి, అంటే మా దగ్గర రెండు లక్షల పైన. ఈ కొలతకు తూగే ఇండిపెండెంటు మా జిల్లాలో ఎంతమందికి ఒకరు దొరుకుతారు?

ఇక నేను అడిగేది. 34వ సెక్షన్‌కు ఒక మినహాయింపు చేర్చండి. నియోజకవర్గంలోని 2,000 మంది ఓటర్ల సంతకాలు, వాళ్ల ఓటరు కార్డు నంబర్లతో సహా, ప్రతి అసెంబ్లీ సెగ్మెంటు నుంచి కనీసం 200 చొప్పున తెచ్చిన అభ్యర్థికి డిపాజిట్ అక్కర్లేదని రాయండి. డబ్బే కడతామనేవాళ్లు కట్టుకోవచ్చు. 2,000 అన్న అంకె దగ్గర నేను పట్టుబట్టను, 3,000 అన్నా సరే. సంతకాలు సేకరించడానికి సమయమూ ఉంటుంది. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, మన రాష్ట్రానికి నోటిఫికేషన్ ఏప్రిల్ 18న. నెలకు పైనే. సరిచూడటానికి ప్రతి పోలింగ్ బూత్‌కూ బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) ఉన్నారు. వందకు ఐదో పదో తీసి సరిచూస్తే దొంగ సంతకాలు బయటపడతాయి.

మీరు వేసే ప్రశ్నలు నాకు తెలుసు. కోర్టులో ఎదుటి వకీలు ఏమంటాడో ముందే ఆలోచించుకోవడం మాకు అలవాటు.

డమ్మీ అభ్యర్థులు పెరుగుతారంటారు. ప్రత్యర్థి పేరుతోనే ఇంకొకరిని వెతికి నిలబెట్టేవాళ్లను, ఓట్లు చీల్చడానికి మనుషులను దింపేవాళ్లను మీరు చూశారు, నేనూ చూశాను. వాళ్లకు 25,000 ఒక ఖర్చే కాదు, ఎన్నికల ఖర్చులో మూలకు పడి ఉండే పైసలు. అదే ఏడు సెగ్మెంట్లు తిరిగి 2,000 మందితో సంతకం పెట్టించాలంటే డమ్మీకి ఎవరు పెడతారు? మహబూబ్‌నగర్‌లో 2024లో డీకే అరుణ గారు 4,500 ఓట్లతో గెలిచారు. అంత తక్కువ తేడా ఉన్న చోట కొన్ని వేల ఓట్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందో పార్టీలకు భయం ఉండటం సహజం. ఆ భయం ఉన్నవాళ్లే డబ్బు డిపాజిట్ కన్నా సంతకాల పద్ధతిని ముందు కోరుకోవాలి.

యంత్రాలు పట్టవంటారు. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు 178 మంది నిలబడ్డారు, మొత్తం అభ్యర్థులు 185 మంది. బ్యాలెట్ పేపరు తప్పదేమో అనుకున్నాం. ఎన్నికల సంఘం కొత్త రకం ఈవీఎంలు తెప్పించి, ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసగా పెట్టి పోలింగ్ జరిపించింది. ఆ రైతులు తలా 25,000 కట్టే నిలబడ్డారన్నది గుర్తుంచుకోండి. కడుపు మండినవాళ్లను డిపాజిట్ ఆపలేదు, వాళ్ల జేబు ఖాళీ చేసిందంతే. వాళ్లడిగిన పసుపు బోర్డును 2023 అక్టోబరులో ప్రధాని పాలమూరు (మహబూబ్‌నగర్) గడ్డ మీద ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఆ 178 మంది నిలబడి ఉండకపోతే ఇది జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఊళ్లలో సంతకం పెట్టడానికి భయపడతారంటే మాత్రం దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా ప్రతిపాదకుడు రాత్రిపూట వచ్చి పేరు తీయించుకున్న సంగతి చెప్పాను కదా. అయితే ఆ సంతకం "ఈ మనిషికి ఓటేస్తాను" అని కాదు, "ఈ మనిషి నిలబడనీ" అని మాత్రమే. ఆ మాట ఫారం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేస్తే భయం కొంత తగ్గుతుంది. ఒక్కడి పేరు వెతికి పట్టుకున్నంత తేలిక కాదు రెండు వేల మంది పేర్లు పట్టుకోవడం.

ఇంకో మాట. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఇండిపెండెంట్లను అసలు పోటీకే అనుమతించొద్దని సిఫారసు చేసింది. దయచేసి ఆ దారి పట్టకండి. 1957లో 42 మంది ఇండిపెండెంట్లు లోక్‌సభకు గెలిచారు, 2024లో ఏడుగురు. తగ్గారన్నది తలుపు మూయడానికి కారణం కాకూడదు. అధికారంలో ఉన్న పెద్ద పార్టీని కాదని 1952లో మా నల్లగొండ రావి నారాయణరెడ్డి గారిని నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పంపింది. మా జనానికి ఓటు విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు.

వీలైతే 14 రోజుల గడువును మళ్లీ 20 చేయండి. పార్టీ గుర్తు జనానికి దశాబ్దాలుగా తెలుసు. ఇండిపెండెంటు గుర్తు పుట్టేదే ఉపసంహరణల నాడు.

1996లో అడిగిన నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కృష్ణా నీళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో కుళాయిల్లో వస్తున్నాయి, అది కాదనను. ఆ 480 మందికి అందులో వాటా ఉంది. అయితే కృష్ణా నీళ్లను శ్రీశైలం నుంచి మా జిల్లాకు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లది, ఇంకా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. దూరపు రాష్ట్రాల నుంచి మా నీళ్ల కోసం పనికి వచ్చినవాళ్లు వాళ్లు. ఫారం నింపిన నాడు నలభై ఏళ్లున్న ఆ మనిషి కొన్నేళ్లకే పోయాడని తరవాత విన్నాను. ఈ సొరంగం మాట ఆయన కూడా వినే ఉంటాడు.

శుక్రవారం మధ్యాహ్నాలు మీ సభలో ప్రైవేటు సభ్యుల బిల్లులకు కేటాయించిన సమయం ఉంది. మంత్రులు కాని మీలో ఏ ఒక్కరైనా ప్రవేశపెట్టొచ్చు, ఏ పార్టీ వారైనా సరే. సవరణ ముసాయిదా నేను రాసి పెట్టాను. తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి, పేజీన్నర. తప్పులుంటే దిద్దండి, నా పేరు తీసేయండి, మీ పేరు మీద పెట్టుకోండి. కోర్టు పనిదినాల్లో నేను నల్లగొండ కోర్టులోనే ఉంటాను. మీలో ఎవరు కబురు చేసినా ఆ రాత్రికే బయల్దేరి తెచ్చిస్తాను.

ఇట్లు,
నల్లగొండ కోర్టులో ఒక న్యాయవాది